చూడమన్నవాడే తిట్లు తినాలి

ఖాళీ దొరికితే ఏం చూడాలి, ఏం చదవాలి అని అడిగేవాళ్ళకి ఇప్పుడు సలహాల కరువు లేదు. షికాగో దగ్గర అరోరాలో మా అబ్బాయి ఇంట్లో టీవీ పెట్టగానే అదే ఒక పాతిక బొమ్మలు వరసగా పరిచి, ఇవి మీకు నచ్చి తీరతాయంటుంది. ఫోను ఇంకో పాతిక చెప్తుంది. గుడికొచ్చే పెద్దవాళ్ళ వాట్సాప్ గుంపులో పొద్దున్నే శుభోదయాల తర్వాత వచ్చేవి కూడా అవే: తప్పక చూడండి, మిస్సవకండి. శుక్రవారం సాయంత్రం మావాడూ కోడలూ సోఫాలో కూచుని రిమోట్ అందుకుంటారు. ఒక ట్రైలర్ చూస్తారు, ఫోన్లో దాని రేటింగ్ చూస్తారు, పెదవి విరుస్తారు, ఇంకోటి మొదలెడతారు. ముప్పావుగంట గడిచేసరికి పిజ్జా చల్లారిపోతుంది, ఆవలింతలొస్తాయి, "రేపు చూద్దాంలే నాన్నా" అని లేస్తారు. మా రోజుల్లో పెళ్ళి సంబంధాలు కూడా ఇంతకంటే త్వరగా తేలేవి.

మా రోజులంటే బెజవాడ సత్యనారాయణపురం, అరవైలూ డెబ్బైలూ. సినిమా వచ్చిందని చెప్పడానికి మైకు కట్టిన రిక్షా వచ్చేది, దాని వెనకాల కరపత్రాల కోసం మేం పరిగెత్తేవాళ్ళం. అలంకార్‌లో ఏముంది, దుర్గాకళామందిరంలో ఏం మారింది, లీలామహల్లో ఏ ఇంగ్లీషు బొమ్మ ఆడుతోంది, అన్నీ గోడలే చెప్పేవి. అదంతా ప్రచారం. ప్రచారాన్ని ఎవరూ సలహా అనుకునేవాళ్ళు కాదు. ఇప్పుడొచ్చిన తంటా అదే. ప్రచారమే సలహా వేషం కట్టుకుని ఇంట్లోకొచ్చి కూచుంది.

అసలు సలహా మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో దొరికేది. షాపంటే ఏముంది, ఒక గది, మూడు వైపులా చెక్క అలమర్లు, అట్టలూడిపోతే బ్రౌన్ పేపరేసి కుట్టిన నవలలు. అద్దె రోజుకి పైసల్లో. ఆ షాపాయన చదివిన చదువు ఎంతో నాకు తెలీదు గానీ, షాపులో ఉన్న ప్రతి పుస్తకమూ చదివాడు, పేటలో ఉన్న ప్రతి మనిషినీ చదివాడు. యద్దనపూడి నవల కొత్తది వస్తే ఏ ఇంటికి ముందు వెళ్ళాలో, ఏ ఇంట్లో ఎవరికి తెలీకుండా వెళ్ళాలో ఆయనకి తెలుసు. ఇంటరు చదివే కుర్రాడు డిటెక్టివ్ నవల కోసం చెయ్యి చాపితే, "పరీక్షలయ్యాక రా" అని వెనక్కి లాక్కునేవాడు. డబ్బులొచ్చే బేరం వదులుకునే దుకాణదారుణ్ణి ఈ రోజుల్లో చూపించండి.

నేను కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల్లో కూరుకుపోయి ఉన్నప్పుడు ఒకరోజు ఆయన, "ఇక యుగంధర్ చాలురా, నీకు అసిస్టెంటు రాజు డైలాగులు కూడా కంఠతా వచ్చేశాయి" అని, మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' చేతిలో పెట్టాడు. నాకొద్దన్నాను. తీసుకెళ్ళు, నచ్చకపోతే అద్దె ఇవ్వకు అన్నాడు. ఆ మాటకి తిరుగేముంది?

అద్దె ఇవ్వకు అనడం ఉత్త మాట కాదు. మా పక్కింటి పిన్నిగారికి ఒకసారి కులాసా కథ అని చెప్పి ఇచ్చిన నవల్లో చివరికి హీరోయిన్ చచ్చిపోయింది. ఆవిడ మర్నాడు పొద్దున్నే షాపు మెట్ల దగ్గర నిలబడి పావుగంట దులిపింది. ఆయన నోరెత్తలేదు. అద్దె పుచ్చుకోలేదు సరికదా, తర్వాత ఆవిడకి ఏ పుస్తకమిచ్చినా ముందు ముగింపు సుఖాంతమో కాదో చెప్పేవాడు. సలహా ఇచ్చినవాడికి ఉండాల్సింది ఇదీ. నమ్మి చదివినవాడు తిరిగొచ్చి నిలదీస్తే నిలబడే చోటు ఒకటుండాలి. మావాడు చూసే రేటింగు ఇచ్చినవాళ్ళని నేను ఏ మెట్ల దగ్గర నిలబడి దులపాలి?

అన్నీ బాగుండేవనను. చివరి పేజీ చిరిగిపోయిన అపరాధ పరిశోధన నవల చదివినవాడికే తెలుస్తుంది ఆ బాధ. హంతకుడి పేరు మొదటి పేజీలోనే పెన్సిలుతో రాసిపెట్టే దుర్మార్గుడొకడు ప్రతి పేటలోనూ ఉండేవాడు. ఇప్పటివాళ్ళు దాన్ని స్పాయిలర్ అంటున్నారు, మేం వాణ్ణి వేరే మాటతో పిలిచేవాళ్ళం.

సినిమాలకీ సమీక్షకులుండేవారు. వాళ్ళకి పేర్లుండేవి. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో ఉండగా రాసిన సమీక్షలకి నిర్మాతలు వణికేవారని చెప్పుకునేవారు. ఆ ముళ్ళపూడే 1962లో 'రక్తసంబంధం'కి మాటలు రాశాడు. అంటే అప్పటిదాకా తిట్టినవాడు తను తిట్లు తినే వరసలోకి వచ్చి నిలబడ్డాడు. కుటుంబరావుగారు చందమామ నడుపుతూనే సినిమాల గురించి వ్యాసాలు రాసేవారు, మొహమాటం లేకుండా. 1966లో విజయచిత్ర వచ్చాక మా ఇంట్లో నెలనెలా దానికోసం కొట్లాటే. వీళ్ళెవరూ సినిమాకి మార్కులేసిన గుర్తు లేదు. ఎందుకు బాగుందో, ఎక్కడ చెడిందో చెప్పేవారు. చూడాలో మానాలో మన ఇష్టం.

ఇప్పుడు మార్కులే. అయిదుకి రెండున్నర, రెండూముప్పావు. ఆ పావు ఏమిటని మా మనవణ్ణడిగాను. "సెకండాఫ్ కొంచెం ల్యాగ్ తాతయ్యా" అన్నాడు. కథ ఏమిట్రా అంటే తెలీదు, మొదటి రోజు డాలర్లు ఎన్నో మాత్రం టకటకా చెప్పాడు. 'బాహుబలి' రెండో భాగం 2017లో ఈ ఖండంలో రెండు కోట్ల డాలర్లు దాటిందట. సంతోషం. ఆ డబ్బు రాజమౌళికి లెక్క, నిర్మాతకి లెక్క. అయిదో తరగతి పిల్లాడికి ఎందుకది? మేం 'గుండమ్మ కథ' చూసి వచ్చి సూర్యకాంతాన్ని అనుకరించేవాళ్ళం గానీ నాగిరెడ్డి-చక్రపాణిల బ్యాంకు లెక్క అడగలేదు.

ఇక్కడి ప్రీమియర్ల సంగతి ఇంకో వింత. అక్కడ ఇండియాలో తెల్లారకముందే ఇక్కడ సినిమా వేస్తారు. నేపర్‌విల్ వైపు మల్టీప్లెక్సులకి కార్లు బారులు తీరతాయి, ఆఫీసు బ్యాగులతోనే వస్తారు, మామూలు టికెట్టుకి రెట్టింపు పెట్టి కొంటారు. అందరికంటే ముందు చూసి, ఇంటికొచ్చి అందరికంటే ముందు పెదవి విరవడానికి. 1992లో 'వేన్స్ వరల్డ్' అని ఒక హాలీవుడ్ హాస్య చిత్రం వచ్చింది. అరోరాలో ఒక ఇంటి బేస్‌మెంటులో కూచుని ఇద్దరు కుర్రాళ్ళు టీవీ కార్యక్రమం నడుపుతుంటారు. ఈ ఊరి పేరు సినిమాల్లో వెలిగిందంటే దానివల్లే. అప్పుడది నవ్వుకోడానికి తీశారు. ఇప్పుడు ఇక్కడ ఇంటికో కుర్రాడు బేస్‌మెంటులో కెమెరా పెట్టుకుని తెలుగు సినిమాకి తీర్పు చెప్తున్నాడు, ఎవరూ నవ్వడం లేదు.

నా సణుగుడు బాలాజీ గుడి క్యాంటీన్లో మొదలెడితే అక్కడ నాకంటే పెద్ద సణుగుళ్ళు తయారు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ రోజుల్లో ఏది చూడాలన్న ప్రశ్నే లేదట, దొరికిందే చూడాలి. తెలుగు సంఘం వాళ్ళు ఏ కాలేజీ హాలో అద్దెకి తీసుకుని ప్రింటు తెప్పిస్తే, ఎంత మంచు కురుస్తున్నా పిల్లల్ని కార్లో వేసుకుని వెళ్ళేవారట. ఆ తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. బెజవాడ నుంచి ఎవరో మోసుకొచ్చిన క్యాసెట్టు ఇక్కడ వీసీఆర్‌లో పెడితే గీతలు తప్ప ఏమీ రాదు, మన దేశానిది పాల్ పద్ధతి, అమెరికాది ఎన్టీఎస్‌సీ. షికాగో డెవాన్ వీధిలో సరుకులకెళ్ళినప్పుడు అద్దెకి తెచ్చుకుందామంటే హిందీవి గుట్టలు, తెలుగువి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "దొరికిన ఒక్క 'మిస్సమ్మ'నీ టేపు అరిగేదాకా చూశామండీ" అన్నాడొకాయన. ఆయన ముందు నేనేం సణగను?

పుస్తకాల సంగతీ అంతే అనుకున్నాను గానీ, ఒక విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. పీఎల్ 480 గోధుమలు గుర్తున్నాయి కదా, రేషను షాపులో ఎర్ర గోధుమలు? వాటికి మన ప్రభుత్వం రూపాయల్లోనే డబ్బు కట్టింది. ఆ రూపాయల్లో కొంత పెట్టి అమెరికా వాళ్ళు 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకి పంపించారు. షికాగో విశ్వవిద్యాలయం అందులో ఒకటి. మనం ఆ రొట్టెలు అరగక తిట్టుకుంటుంటే, అరోరాకి నలభై మైళ్ళ పైచిలుకు దూరంలో తెలుగు పుస్తకాలు అలమరలకెక్కుతున్నాయన్నమాట! కాబట్టి పుస్తకాల్లేవనకండి. ఇంకా కావాలంటే పాతవి కంప్యూటర్లో వేలకొద్దీ ఉన్నాయి. లేనిదల్లా మా షాపాయన. ఈ వేలల్లో ఏది నీది, ఏది నీది కాదు అని చెప్పేవాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పని ఇక్కడి గ్రంథాలయాల్లో ఇంకా చేస్తున్నారు. అమెరికా లైబ్రరీల్లో దానికి రీడర్స్ అడ్వైజరీ అని పేరు కూడా పెట్టారు. నువ్వు ఈ మధ్య చదివినదాంట్లో ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది అని ముందు అడుగుతారు. ఆ తర్వాతే పుస్తకం తీస్తారు. మా కోడలు మనవణ్ణి లైబ్రరీకి తీసుకెళ్తే అక్కడి ఆవిడ వాడితో అలాగే మాట్లాడింది. వాడి చేతిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసుకుని, ఇది ఇంకో రెండేళ్ళాగి అని పక్కన పెట్టింది. నాకు ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. పద్ధతి మనది కూడా. 1914 నాటికే బెజవాడలో గ్రంథాలయ సభలు పెట్టుకున్న జాతి మనది, అయ్యంకి వెంకటరమణయ్యగారి పుణ్యమా అని. వాళ్ళు నిలబెట్టుకున్నారు, మనం రేటింగులకి అప్పజెప్పాం.

విమర్శ చాలు, మరి నువ్వేం చెప్తావయ్యా అంటారు. చెప్తాను, ఎవరికి ఏది పడదో కూడా చెప్తాను.

ఉద్యోగం ఊడుతుందేమోనని రాత్రిళ్ళు నిద్రపట్టని సాఫ్ట్‌వేరు పిల్లలకి 'మిస్సమ్మ' (1955). ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలుగా నటించే ఇద్దరు నిరుద్యోగుల కథ అది. డెబ్బై ఏళ్ళ క్రితమే ఆ కష్టాన్ని చూసి ఎలా నవ్వారో చూడండి. పిల్లలకి 'మాయాబజార్', అందులోనూ 1957 నాటి నలుపు తెలుపుదే, 2010లో రంగులేసింది కాదు. తెలుగు సరిగ్గా రాని మా మనవడే ఘటోత్కచుడి భోజనం చూసి సోఫా మీంచి దొర్లాడు. 2013లో ఒక టీవీ ఛానెల్ ఓటింగులో అది దేశంలోకెల్లా గొప్ప సినిమాగా గెలిచింది. ఆ ముక్క వాడికి చెప్పకండి, చెప్తే హోంవర్కు అనుకుంటాడు. 'మల్లీశ్వరి' (1951) అద్భుతం, అందుకే రాత్రి షిఫ్టు చేసొచ్చినవాడికి చూపించొద్దు. దాని నడక నిదానం, కునుకు తీస్తే బి.ఎన్. రెడ్డిగారిని అవమానించినట్టు.

కొత్తవాటిలో 'కేరాఫ్ కంచరపాలెం' (2018) నాకు నచ్చింది. దాన్ని నిర్మించింది అమెరికాలో గుండె వైద్యం చేసే తెలుగావిడ, ఆ ఊరివాళ్ళనే పెట్టి తీశారు. 'బలగం' (2023) మాత్రం ఒంటరిగా చూడొద్దు. ఊళ్ళల్లో జనం తెర కట్టుకుని కలిసి చూసిన సినిమా అది. అన్నదమ్ములతో మాటల్లేనివాళ్ళు ఫోను పక్కనే పెట్టుకుని చూడండి, సగంలో కలపాలనిపిస్తుంది.

పుస్తకాలకొస్తే, శంకరమంచి సత్యం 'అమరావతి కథలు' నూరు. రాత్రికి ఒకటి చాలు, కథలు చిన్నవే. గబగబా మింగితే రుచి తెలీదు. పిల్లలకి చదివి వినిపించడానికి సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు', వాళ్ళ కంటే మీరే ఎక్కువ నవ్వుతారు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు వాళ్ళకే అనుకోకండి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' గొప్ప నవల, కాదనను. అరోరాలో జనవరి నెలలో, నాలుగున్నరకే చీకటి పడి, బయట మోకాలి లోతు మంచుండగా దాన్ని ఎవరికీ ఇవ్వకండి. మేలో ఇవ్వండి.

ఇక దేశంకాని దేశం వచ్చిన ప్రతి తెలుగువాడూ చదవాల్సింది 'బారిస్టర్ పార్వతీశం', 1924 నాటి మొదటి భాగం. మొగల్తూరు నుంచి సీమకి బయల్దేరినవాడి అగచాట్లు. టోపీ కొనే ఘట్టం దగ్గర నవ్వకపోతే వీసా మీద మళ్ళీ స్టాంపు వేయించుకోండి, ఎక్కడో తేడా ఉంది. మిగతా భాగాలు తీరిగ్గా చదువుకోవచ్చు, తొందర లేదు. నచ్చకపోతే శనివారం పొద్దున అరోరా బాలాజీ గుడి క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. వచ్చి దులపండి, కాఫీ నాదే.