ముద్దాపహరణం

కోడి ఇంకా ఆవలిస్తున్న వేళ, హేజీవ్యూలో మా హోటలు గుమ్మం ముందు రథం ఆగింది. రథమంటే టయోటా లాండ్ క్రూజర్. తలుపుల్లేవు, అద్దాల్లేవు, పైన కప్పు మాత్రం ఉంది. వెనక సినిమా హాలు బాల్కనీలా మెట్లుమెట్లుగా మూడు వరసల సీట్లు. కవచాలు పంచారు. కవచాలంటే దుప్పట్లు. జోహన్నెస్‌బర్గ్‌లో ఉండే మా చెల్లెలు కట్టిచ్చిన పులిహోర డబ్బా మా ఆవిడ ఒడిలో కొలువు తీరింది. ఆఫ్రికాలో పులులుండవు. కాబట్టి ఆ డిసెంబరు ఉదయం ఐదున్నరకి ఫాబేని గేటు తెరవగానే క్రూగర్ నేషనల్ పార్కులో అడుగుపెట్టిన పులి ఇదొక్కటే.

ప్రబంధ కవి అయితే ఇక్కడ వనవర్ణన ఎత్తుకుంటాడు. 1898లో పాల్ క్రూగర్ హయాంలో సాబీ అభయారణ్యంగా మొదలై 1926లో నేషనల్ పార్కు అయిన అడవి, దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. వర్ణించడానికి నా దమ్ము చాలదు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న అనే పంచమహామృగాల జోలికీ పోను. వాళ్లకి ‘బిగ్ ఫైవ్’ అనే బిరుదిచ్చింది వేటగాళ్లు, కాలినడకన వెళ్లి చంపడం మహా కష్టమని. ప్రాణం మీదికి తెచ్చిన బిరుదది.

మా కథానాయకుడికి బిరుదుల్లేవు. తొమ్మిదిన్నరకి మట్టిరోడ్డు మీద పోతుండగా, రెండు కిలోమీటర్ల అవతల మరూలా చెట్టు మీద చిరుత పడుకుని ఉందని వైర్‌లెస్‌లో కబురొచ్చింది. మా సారథి బండి ఉరికించాడు. ఉరికించినవాడు ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు.

రోడ్డు నడిమధ్య గజరాజు ప్రసాదించిన లద్దె. రాత్రి వానకి మెత్తబడి, ఎండకి ఆవిరి కక్కుతోంది. దాని పక్కనే ఆయన. ఒళ్లు బొగ్గు నలుపు, తల పార, ముంగాళ్లు రంపాలు, ఎత్తు రెండు చింతపిక్కలు. పేడపురుగు! ఎదుట, స్వహస్తాలతో గుండ్రంగా చుట్టిన నిమ్మకాయంత లద్దెముద్ద. ఆదివరాహస్వామి భూగోళాన్ని కోరల మీద ఎత్తాడు. ఈయన తల నేలకానించి, వెనక్కాళ్లతో గోళాన్ని నెడుతూ వెనక్కి నడుస్తాడు. వెనక్కి నడుస్తూ ముందుకు పోయే విద్య నేను ఇంతకుముందు మా ఆఫీసులోనే చూశాను.

నాలుగడుగులు నెట్టి, ముద్ద మీదికెక్కి గిర్రున ఒక చుట్టు తిరిగాడు. నాట్యం కాదు, అది దిక్కు చూసుకోవడమట. పగలు సూర్యుడు ఆధారం. రాత్రి తిరిగే దాయాదులకైతే సాక్షాత్తూ పాలపుంతే దారిదీపం. నమ్మనివాళ్ల కోసం స్వీడన్, దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు వీళ్ల బంధువుల్ని జోహన్నెస్‌బర్గ్ ప్లానెటేరియంలోకి తీసుకుపోయి, కప్పు మీద పాలపుంత ఒక్కటే వెలిగించి చూశారు. తిన్నగా నడిచారు. ఇంకొందరికి ఆకాశం కనపడకుండా చిన్న అట్ట టోపీలు పెట్టారు. దారి తప్పి వంకరటింకరలు పోయారు. పురుగుకే టోపీ పెట్టిన ఈ పరిశోధనకి 2013లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ దక్కింది. అడుగున నేల కాలుతుంటే ముద్దెక్కి కాళ్లు చల్లార్చుకుంటారేమో చూద్దామని వేరే ప్రయోగంలో సిలికాన్ బూట్లు కూడా తొడిగారు. అదీ నిజమే అని తేలింది. నెత్తిన టోపీ, కాళ్లకి బూట్లు. పట్టాభిషేకం ఒక్కటే తరువాయి.

ఇంతలో గగనమార్గాన శత్రువు దిగాడు. సొంతంగా ముద్ద చుట్టుకునే ఓపిక లేని జాతి ప్రతి వంశంలోనూ ఉంటుంది. భూనభోంతరాళాలు దద్దరిల్లలేదు, కిర్రుమని కూడా అనలేదు. చొరబాటుదారు ముద్ద మీద కాలు మోపగానే మనవాడు ముంగాళ్లతో ఎత్తి కుదేశాడు. వెల్లకిలా పడి ఆరు కాళ్లూ గాల్లో ఆడించి, లేచి, మళ్లీ ఎక్కాడు. మళ్లీ కుదేశాడు. మా వెనక వరసలో జర్మన్ దంపతులు చెరో పక్షం పట్టారు. వైర్‌లెస్‌లో చిరుత తోక ఊపుతోంది.

కాస్త పక్కకి జరిపితే పోదా అంటారా? ఇక్కడ బండి దిగకూడదు. తొక్కించుకుపోవడానికి మా సారథికి మనసొప్పలేదు. రెండు టన్నుల రథం రెండు చింతపిక్కలకి దారి వదిలి, ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడింది. ఆఖరికి వీరుడు ముద్దతో సహా గడ్డిలోకి నిష్క్రమించాడు. ఓడినవాడు మీసాలు తుడుచుకుని, ఏమీ జరగనట్టు లద్దె వైపు నడిచాడు.

మేం చేరేసరికి చెట్టు ఉంది, కొమ్మ ఉంది, చిరుత లేదు. సారథి ఆ కొమ్మని భక్తిగా చూపించాడు. కొమ్మకి ఫొటోలు తీసుకున్నాం.

మధ్యాహ్నం పార్కులోనే స్కుకూజా విడిదిలో బల్ల దగ్గర డబ్బా మూత తీశానో లేదో, చెట్టు మీంచి నల్లమూతి కోతి ఒకటి దూకి, నా చేతిలో ముద్ద లాక్కుని కప్పెక్కింది. నేను అలాగే చెయ్యి చాపి నిలబడిపోయాను. అది తీరిగ్గా వేరుశనగ గుళ్లు ఏరుకుని నమిలి, ఎండుమిరపకాయని వాసన చూసి కిందికి గిరాటేసింది.

మా ఆవిడ డబ్బా మూత గట్టిగా బిగించింది.

“ఆ పురుగు కనీసం రెండుసార్లు కుదేసిందండీ” అంది.