పులి ఏడిస్తే చారలు కారతాయి

పిల్లల పుట్టినరోజుకి కేకు కోస్తే సరిపోదని ఎవరు తేల్చారో గానీ, వచ్చిన పిల్లలందరి మొహాలకీ రంగులు పూసి పంపకపోతే ఇప్పుడది ఫంక్షన్ కింద లెక్కకు రాదు. రంగులేసే ఆర్టిస్టును పిలిస్తే గంటల లెక్కన తీసుకుంటారు. అందుకని ఇంటి ఇల్లాలు ముందురోజు రాత్రి పనంతా అయ్యాక ఫోనులో ఒక వీడియో చూస్తుంది. దాని పేరెప్పుడూ ఒకటే: ఇంట్లోనే, సింపుల్‌గా, మూడు నిమిషాల్లో పులి.

ఆ వీడియోలో పిల్లాడు కదలడు. అదొక్కటే అందులో ఉన్న విద్య. వాడు తుమ్మడు, ముక్కు గోక్కోడు, పెదాలు నాక్కోడు, "అయిపోయిందా?" అని అడగడు. అలాంటి పిల్లాడు మన రెండు రాష్ట్రాల్లో ఇంతవరకూ పుట్టిన దాఖలా లేదు.

ఇక అసలు సీను. స్టూలు మీద పిల్లాడు, ఎదురుగా చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్న తల్లి, వెనకాల లిఫ్టు దాకా క్యూ. ముందు పసుపు రంగు స్పాంజితో మొహమంతా అద్దాలి, అంచులకు నారింజ, కళ్ళ మీదా మూతి చుట్టూ తెలుపు, అంతా ఆరాక సన్న కుంచెతో నల్లచారలు. ఆ "ఆరాక" దగ్గరే కొంప మునుగుతుంది. వెనక క్యూ తోసుకొస్తుంటే ఎవరాగుతారు? తడి పసుపు మీద నలుపు తగలగానే పులి పచ్చగా తిరుగుతుంది, బూజు పట్టిన నిమ్మకాయ పచ్చడిలాగా. కుంచె కడిగే గ్లాసు ఒకటే. మూడో పిల్లాడి దగ్గరికొచ్చేసరికి అందులో నీళ్ళుండవు, మూసీ ఉంటుంది.

"ఆంటీ, నాకు సీతాకోకచిలుక!"

"పులి వేయించుకోమ్మా బంగారం, నలుపు రెడీగా ఉంది."

"నాకు స్పైడర్‌మ్యాన్!"

"ఎరుపైపోయింది నాన్నా. పులి."

ఆ సాయంత్రం అభయారణ్యాల్లో కూడా కనబడనన్ని పులులు ఒక్క టూ బీహెచ్‌కేలో తిరుగుతాయి. ఎవరి పులి ఎవరిదో తల్లులకే తెలీదు, చొక్కా చూసి పట్టుకెళ్ళాలి. స్పాంజి మాత్రం అందరికీ ఒకటే. ఒకడి జలుబు, ఇంకొకడి కళ్ళకలక మిగతావాళ్ళందరికీ రిటర్న్ గిఫ్టు.

తండ్రిగారి పాత్ర ఇందులో పరిమితం. ఫొటోలు తీయడం, రంగులు కొనుక్కురావడం. ఆ రెండోదే ప్రమాదం. మొహానికి పూసే రంగులు అడిగితే సందు చివర స్టేషనరీ షాపులో అక్రిలిక్ డబ్బాలు ఇచ్చారు. "నాన్ టాక్సిక్ అని రాసుందిగా!" అన్నది ఆయన వాదన. రాసింది నిజమే. అయితే అది చెప్పినట్టు వాడితే విషం కాదని కాగితం మీదా బట్ట మీదా వేసేవాళ్ళకి ఇచ్చిన హామీ, బుగ్గలకు పూసుకోమని పిలుపు కాదు. అక్రిలిక్ ఆరితే పలచటి ప్లాస్టిక్ పొర అవుతుంది. పీకితే నూగు వెంట్రుకలు, ఒక్కోసారి కనుబొమలు, దాంతోపాటే వస్తాయి. పూల కుండీలకు అంటించే చమ్కీ కూడా అంతే, కంట్లో పడితే నల్లగుడ్డు గీసుకుంటుంది.

కొందరు తల్లులు ఇంతకంటే తెలివిగా ఆలోచించి వంటింట్లోకి వెళతారు. కార్న్‌ఫ్లోరు, కోల్డ్‌క్రీము, జిలేబీలో వేసే మిఠాయి రంగు. తినేదే కదా, ఏమవుతుంది? ఏమీ కాదు. కడిగితే క్రీము పోతుంది, పిండి పోతుంది, రంగు మాత్రం చర్మంలో సెటిలవుతుంది. ఆదివారం పులి సోమవారం యూనిఫాం వేసుకుని స్కూలుకెళుతుంది.

ఆగస్టు 15న ఈ కళ పెద్దలకూ సోకుతుంది. బుగ్గ మీద మూడు రంగులు, మధ్యలో చక్రం. ఇరవై నాలుగు ఆకులు బుగ్గంత చోట్లో ఐబ్రో పెన్సిలుతో గీయడం బ్రహ్మతరం కాదు, ఎనిమిదితోనే దేశభక్తి అలసిపోతుంది. అద్దంలో చూసుకుంటూ తమ బుగ్గ మీద తామే ఇండియా అని రాసుకున్నవాళ్ళ సంగతి ఇంకా పైన. వాళ్ళ దేశభక్తి అద్దానికే అర్థమవుతుంది.

ఈ హడావిడంతా చూస్తూ మూల కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ ఒకే ప్రశ్న వేసింది. "ఏమే, నీళ్ళు తగిలిస్తే కరిగే ఆ బిళ్ళలు ఎంత పోసి కొన్నారు?" రేటు విని నోరు నొక్కుకుంది. ఆవిడ చేతి మీద ఇంటిల్లిపాది పసివాళ్ళకూ చాదు అమరింది మరి. సగ్గుబియ్యం నల్లగా మాడ్చి, నీళ్ళు పోసి చిక్కబడేదాకా ఉడికించి, కొబ్బరిచిప్పలో పోసి ఎండబెట్టడం. కావలసినప్పుడు నీటిచుక్క వేసి వేలితో రుద్ది, నుదుట బొట్టు, బుగ్గన దిష్టిచుక్క. వాటర్ యాక్టివేటెడ్ ఫేస్ పెయింట్ అని పెట్టె మీద రాసి అమ్ముతున్నదీ ఇలాంటి ఏర్పాటే. ఇది చదివి, మన ఋషులు ఎప్పుడో కనిపెట్టారని వాట్సాప్‌లో తిప్పకండి. పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళు కనిపెట్టారు.

సింపుల్ అంటే ఏమిటో చూడాలంటే మే నెలలో తిరుపతి వెళ్ళాలి, తాతయ్యగుంట గంగమ్మ జాతరకు. బైరాగి వేషమంటే నామంకొమ్ము అరగదీసి ఒళ్ళంతా తెలుపు. మర్నాడు బండ వేషం, కుంకుమతో ఎరుపు. ఆ పైన తోటి వేషం, బొగ్గుతో నలుపు. ఒక రోజుకి ఒక రంగు, స్పాంజి లేదు, కిట్టు లేదు. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందని, దొర వేషంతో వాణ్ణి బయటికి రప్పించి తల నరికిందని కథ. మొక్కుకున్నవాళ్ళంతా ఆ రంగులు పూసుకుంటారు. ఎవరికి బాగా కుదిరిందని ఎవరూ పోల్చి చూడరు. బండ వేషం కట్టినవాళ్ళకి ఎవర్నయినా బండబూతులు తిట్టే హక్కు కూడా ఉంది. మన పార్టీల్లోనూ ఆ ఘట్టం లేకపోలేదు, కాకపోతే రాత్రి బాత్రూములో రంగు వదలనప్పుడు, భార్యాభర్తల మధ్య జరుగుతుంది.

కాబట్టి వచ్చే ఆదివారం పుట్టినరోజు పెట్టుకున్నవాళ్ళకి మనవి. ఒంటికి పూసుకోవడానికని రాసున్న రంగే కొనండి. ముందురోజే ప్రతి పిల్లాడి మోచేతి మడతలో చుక్క పెట్టి చూడమని వాళ్ళ అమ్మలకు చెప్పండి. దద్దురుంటే ఆ పిల్లాడికి టోపీతో సరిపెట్టండి. తలకో స్పాంజి ముక్క, గ్లాసులో నీళ్ళు తరచూ మార్చడం, కళ్ళ దగ్గర చెయ్యాపడం. రంగు వదలడానికి గోరువెచ్చని నీళ్ళు, సబ్బు చాలు, కిరసనాయిలు సీసా జోలికి పోకండి. పులి రాకపోతే బుగ్గ మీద ఒక నక్షత్రం గీసి పంపేయండి, అది నిజంగానే మూడు నిమిషాల పని.