600 పాయింట్ల ఇల్లరికం

కెనడా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, ప్రొఫైల్ పెట్టుకున్నవాడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పకండి, కొడతాడు. 29 దాటిన దగ్గర్నుంచీ ఏటా ఆ రోజున ఐదారు ఎంపిక పాయింట్లు ఎగిరిపోతాయి. నలభైల్లోకి అడుగుపెడితే కోత ఇంకా జోరు. 45 వచ్చేసరికి వయసు పద్దులో మిగిలేది సున్నా. అమ్మ నూరేళ్లు బతకమంటుంది, ఒట్టావాలో కంప్యూటరు ముప్ఫై దాటొద్దంటుంది.

ఇలా కరిగిపోతున్నవాడికి అమీర్‌పేట కన్సల్టెంటు చెవిలో ఊదే మంత్రం పీఎన్‌పీ, అంటే ప్రొవిన్షియల్ నామినీ ప్రోగ్రాం. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఏదైనా 'ఈ అబ్బాయి మాకు కావాలి' అని నామినేషన్ ఇస్తే ఒక్క దెబ్బకు 600 పాయింట్లు. మొత్తం కలిపితేనే 1200! వచ్చినవాళ్లంతా టొరంటో, వాంకూవర్‌ల మీదే వాలుతుంటే మా ఊళ్లకెవరొస్తారని మానిటోబా లాంటి రాష్ట్రాలు మొరపెట్టుకోగా 1990ల చివర్లో మొదలైన ఏర్పాటిది. షరతు ఒక్కటే, మా దగ్గరే స్థిరపడాలి. అచ్చంగా ఇల్లరికం.

అలా స్థిరపడతానంటూ మా బాబాయి కొడుకు సస్కాచెవాన్ రాష్ట్రం కోసం రాసుకున్న ఉత్తరం చదివాను. చిన్న ఊళ్ల ప్రశాంతత అంటే వాడికి పసితనం నుంచీ ప్రాణమట. గోధుమ పొలాలు చూస్తే ఒళ్లు పులకరిస్తుందట. మైనస్ ముప్ఫై చలి తన ఒంటికి పడుతుందట. వీడు తెనాలి దగ్గర సొంతూళ్లో సంక్రాంతికి రెండో రాత్రి ఉండడు. దోమలంటాడు, సిగ్నల్ లేదంటాడు, కనుమ నాడే హైదరాబాద్ బస్సెక్కుతాడు. నాన్న మినుము చేను ఏ డొంకలో ఉందో తెలీదు గానీ, సస్కాచెవాన్‌లో రెజైనా చుట్టుపక్కల కనోలా ఎప్పుడు కోస్తారో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు.

"ఏరా, నిజంగా అక్కడే ఉంటావా?" అన్నాను.

"రాసేటప్పుడు మాత్రం ఉండాలనిపించింది అన్నయ్యా."

పెళ్లయ్యాక వేరు కాపురం పెడితే అడ్డుకునే చట్టం లేదు. పీఆర్ ఉన్నవాడు ఏ రాష్ట్రంలోనైనా బతకొచ్చని వాళ్ల హక్కుల చార్టర్ ఆరో సెక్షనే చెబుతోంది. అసలు ఉండే ఉద్దేశమే లేకుండా బొంకాడని రుజువైతే ఐదేళ్లు గడప తొక్కనివ్వరు. ఉద్దేశాన్ని ఏ స్కానర్లో పెట్టి చూస్తారో మరి!

మామగారూ తక్కువవాడేం కాదు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ సంగతే చూడండి. ఆ చిన్న ద్వీపంలో కాఫీలు కలిపి, కౌంటర్లలో నిలబడి మన దేశపు పిల్లలు నామినేషన్ కోసం ఎదురుచూశారు. 2024లో ప్రభుత్వం కోటా తగ్గించి, దుకాణాల్లో హోటళ్లలో పనిచేసేవాళ్లను వెనక్కి నెట్టేసింది. షార్లెట్‌టౌన్‌లో నిరాహారదీక్షలు జరిగాయి. కాఫీ కలిపినన్నాళ్లూ అల్లుడే, ముహూర్తం అడిగేసరికి ఎవరు బాబూ నువ్వు? మనవాడి అబద్ధానికి శిక్ష చట్టంలో ఉంది. మామగారి మాట తిరుగుడుకు మాత్రం విధానమార్పు అని గౌరవంగా పేరు.

పైన పెదమామగారు ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం. ఇళ్లు చాలట్లేదంటూ దేశం మొత్తానికి పీఎన్‌పీ లక్ష్యాన్ని 2024లో ఉన్న 1,10,000 నుంచి 2025కి 55,000 చేసి కూర్చున్నారు. సరిగ్గా సగం. ఫీజులు సగమయ్యాయేమోనని కన్సల్టెంటును అడిగితే, 'పోటీ పెరిగింది కదా సార్' అని ఇంకాస్త పెంచాడు.

మా వాడికి కొత్త దారి కూడా ఆయనే చూపించాడు. ఫ్రెంచి బాగా వస్తే 50 పాయింట్ల దాకా అదనం, క్లాసులు వాళ్ల మేడ మీదే. ఇంగ్లిషు, ఫ్రెంచి రెండూ అధికార భాషలైన ఏకైక రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్ కాబట్టి, ఇప్పుడు అక్కడికి ఉత్తరం తయారవుతోంది. పాతదే తీసుకుని, గోధుమ పొలాలున్న చోట సముద్రం పెట్టారు.