లైటు ఫోను ఆత్మకథ

కంపెనీ లెక్కల్లో నా పేరు నోకియా 1100. మార్కాపురం పక్కనున్న మా ఊళ్లో ఆ అంకె ఎవరికీ పట్టదు. అందరికీ నేను లైటు ఫోనునే. మా రకం 2003లో బయటికొచ్చింది, 2009 దాకా తయారైంది. ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్ల మందిమి అమ్ముడుపోయాం. నోకియావాళ్లు 2005లో తమ వంద కోట్లవ ఫోను అమ్మారు. నైజీరియాలో ఎవరో కొనుక్కున్న ఆ ఫోను కూడా మా అన్నదమ్ముల్లో ఒకడే. ఇంత పెద్ద వంశంలో పుట్టినవాడికి నాలుగు మాటలు చెప్పుకునే హక్కు ఉండకూడదా?

నేను ఎవరి జేబులో బతకాలో ముందే ఎరిగినవాళ్లు నన్ను చేశారు. మీటలన్నీ ఒకే రబ్బరు రేకు; సందుల్లేవు కనక దుమ్ము లోపలికి పోదు. పక్కలు గరుకు, చెమట చేతిలోంచి జారను. తెర నలుపు తెలుపు, అరచేతిలో సగం కూడా ఉండదు. నెత్తిన చిన్న లైటు. అందరూ ఫోన్లకు కెమెరాలు తగిలిస్తున్న రోజుల్లో నాకు లైటు తగిలించిన బుర్ర ఎవరిదో గాని, వాడికి పల్లెటూరి రాత్రి అంటే ఏమిటో తెలుసు.

మా పెద్దాయన నన్ను ఒంగోల్లో కొన్నాడు. అంతకుముందు సెల్లు అంటే ఆయనకు భయం. ఎవడో ఫోన్ చేస్తే ఎత్తినందుకు మనం డబ్బు కట్టడమేంటని కోప్పడేవాడు. 2003 మే 1 నుంచి వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. ఆ తర్వాతే నాలాంటివాళ్లు మిరప చేలల్లోకి, పశువుల కొట్టాల్లోకి అడుగుపెట్టగలిగాం. ఫోను చవకైనందుకే ఊళ్లు మారాయని చెప్తారు గాని, వినడం ఉచితం కావడం అంతకన్నా పెద్ద మార్పు.

ఇక నా ఉద్యోగం సంగతి. ఆ రోజుల్లో మా వైపు త్రీఫేజు కరెంటు చాలాసార్లు అర్ధరాత్రి దాటాక వచ్చేది. బోరు మోటారు వెయ్యాలంటే చేనుకు పోవాల్సిందే. పెద్దాయన చేతికర్ర ఒక చేత, నేను ఒక చేత. సీ మీట నొక్కి పట్టుకుంటే నా లైటు వెలిగేది. గట్టు మీద పాముందా, స్టార్టరు దగ్గర తీగ తెగి పడిందా అని ముందు నేను చూసేవాణ్ణి, తర్వాత ఆయన అడుగు పడేది. ఆయన ఇంటికి తిరిగొచ్చేదాకా ఆయన భార్య, మా పెద్దమ్మ, పడుకునేది కాదు. మోటారు వేశాక ఇంటికి ఒక మిస్డ్ కాల్: ఒక రింగు పోతే క్షేమం, ఆగకుండా మోగితే ఎవరినన్నా పంపించమని. ఆ లెక్క ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. పైసా ఖర్చు లేకుండా కబురు పంపే ఆ విద్య దేశమంతా జనమే కనిపెట్టుకున్నారు.

తర్వాత స్టార్టరు డబ్బాకే ఒక సిమ్ము తగిలించే పరికరం వచ్చింది. మంచం మీంచే నాతో దానికి ఫోన్ కొట్టిస్తే అక్కడ మోటారు తిరిగేది. ఒక మొద్దు ఫోను ఇంకో మొద్దు పెట్టెకు ఫోన్ చేసి చేనుకు నీళ్లు పెట్టించడం నా జీవితంలో నేను గర్వపడే ఘట్టం.

పెద్దాయనకు చదువు రాదు. ఆయనకు నాతో పని నేర్పింది బెంగళూరులో ఉండే కూతురు. రెండు నొక్కి పట్టుకుంటే కూతురు, మూడు నొక్కితే ఎరువుల కొట్టు, నాలుగు నొక్కితే లైన్‌మ్యాన్. అంకెలూ చూడక్కర్లేదు, వేలికి చోటు తెలిస్తే చాలు. మనవడు వేసవి సెలవులకు వచ్చినప్పుడు మాత్రం నాలోని పాము ఆటతో ఆ మీటలన్నీ అరగదీసేవాడు.

పెద్దవాడయ్యాక ఆ మనవడే ఒకరోజు అన్నాడు: "తాతా, ఈ డబ్బా అవతల పారెయ్యి. నీకు టచ్ ఫోను కొనిస్తా."

"నీ ఫోను పొద్దున చార్జింగ్ పెడితే సాయంత్రానికి చచ్చిద్ది గదరా. దీనికేం రోగం?"

అందులో నా గొప్పేం లేదు. ఖాళీగా ఉన్నప్పుడు నేను చేసేదల్లా మధ్యమధ్యలో టవరు వైపు చెవి పెట్టి, నాకేమన్నా కబురుందా అని వినడం, మళ్లీ కునుకు తీయడం. పెద్ద తెర లేదు, ఇంటర్నెట్టు లేదు. అందుకే 850 ఎంఏహెచ్ బ్యాటరీతోనే రోజుల తరబడి గడుస్తుంది. బీఎల్-5సీ అనే ఆ బ్యాటరీకి నాకంటే ఆయుష్షు ఎక్కువ. సంతలో అమ్మే చిన్న ఎఫ్ఎం రేడియోల్లో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. దానికీ ఒక మచ్చ ఉందిలెండి. 2007 ఆగస్టులో, ఒక జపాన్ సంస్థ తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు చార్జింగ్‌లో మరీ వేడెక్కవచ్చని, కావలసినవాళ్లకు మార్చి ఇస్తామని నోకియానే ప్రకటించింది. ఆ వార్త విన్న పెద్దమ్మ కొన్నాళ్లు నన్ను వంటింటి గడప దాటనివ్వలేదు.

ఈమధ్య పట్నాల్లో నా రకానికి కొత్త మర్యాద వచ్చిందని వింటున్నాను. 2017లో మా అన్న 3310ని కొత్త రంగులు పూసి మళ్లీ అమ్మకానికి పెట్టారు. పెద్ద ఫోనుతో విసిగినవాళ్లు మమ్మల్ని కొని, మనసు తేలికపడిందంటున్నారు. సంతోషమే. కానీ వాళ్ల బల్ల మీద ఇంకో ఫోను ఉంటుంది. నేను వాళ్లకు ఉపవాసం లాంటివాణ్ణి. పెద్దాయనకు నేనొక్కణ్ణే దిక్కు. ఆకలేసినప్పుడు తినడానికి ఇంట్లో బియ్యం ఉన్నవాడి ఉపవాసమూ, లేనివాడి ఉపవాసమూ ఒకటి కావు.

ఇంకో పొగడ్త కూడా నాకు పడదు: పాత ఫోను భద్రం, దాన్ని ఎవరూ దొంగచాటుగా వినలేరని. నేను 2జీ వాణ్ణి. టవరు నన్ను నువ్వెవరని అడుగుతుంది గాని, నువ్వెవరని టవరును తిరిగి అడగడం నాకు నేర్పలేదు. దొంగ టవరు పెట్టి పిలిచినా నమ్మి పోతాను. నా మాటలకు వేసే తాళం కూడా పాతకాలపుది, తెలిసినవాళ్లు విప్పగలరు. లింకు నొక్కి మోసపోయే ప్రమాదం నాతో లేదు, నిజమే. కానీ బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి అనే తియ్యటి గొంతును నేనూ అంతే శుభ్రంగా వినిపిస్తాను.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక్క మెసేజీలో 160 పడతాయి, తెలుగైతే 70కే నిండిపోతుంది; అదీ నా తెర మీద డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు పడినప్పుడు పక్క చేను కుర్రాడు పువ్వు ఫొటో తీసి వ్యవసాయాధికారికి వాట్సాప్‌లో పంపాడు. పెద్దాయన నాతో, "పూలల్లో నల్లగా సన్నటివి పాకుతన్నయ్యి సారూ" అని చెప్పుకోవాల్సి వచ్చింది. కూతురు బిడ్డను ఎత్తుకుని వీడియో కాల్ చేస్తానంటే ఆ కుర్రాడి ఇంటికే పోయారు ఇద్దరూ. ఆ సాయంత్రం పెద్దమ్మ నా వైపు చూసిన చూపులో తప్పులేదు.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. ఒక్కో పనీ తెర వెనక్కి వెళ్లిపోయింది. పీఎం కిసాన్ ఈకేవైసీకి ఓటీపీ నాకే వస్తుంది, మిగతా పనంతా ఇంకెవరో కంప్యూటర్ ముందు కూర్చుని చెయ్యాలి. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో సర్టిఫికెట్లూ బిల్లులూ వాట్సాప్‌లోకి తెచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గింది, వాట్సాప్ ఉన్నవాళ్లకు. పెద్దాయన అప్పుడూ బస్సు ఎక్కేవాడు, ఇప్పుడూ ఎక్కుతున్నాడు.

రీచార్జి సంగతీ అంతే. నేను ముట్టుకోలేని డేటాను అంటగట్టి అమ్మిన ప్యాకుల డబ్బు పెద్దాయన ఎన్నాళ్లో కట్టాడు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చి, కేవలం మాటలకూ మెసేజీలకూ విడిగా ప్యాకు ఉండాలంది. కొట్టులో అడిగితే ఇస్తారు, అడగాలని తెలిస్తే. అన్నిటికీ మించి, జియో టవరు భాష నాకు అర్థం కాదు. అక్కడ 2జీయే లేదు. సింగపూరులో 2017లోనే 2జీ ఆపేశారు. ఇక్కడా ఒక రోజు ఆపుతారు. ఆ రోజు బ్యాటరీ నిండుగానే ఉన్నా నేను టార్చిలైటుగా మాత్రమే మిగులుతాను.

దానికి నాకు దిగుల్లేదు. నన్ను పట్టుకున్న మనిషి గురించే నా బెంగ. ఆయనకు కావలసింది ఈ రబ్బరు మీటలు కావు, మాటతో తెరుచుకునే తలుపు. అది అసాధ్యమేం కాదు. 2004 నుంచి కిసాన్ కాల్ సెంటర్ ఉంది. నాలాంటి ఫోనులోంచి 1800 180 1551 కొడితే అవతల తెలుగులోనే సమాధానం దొరుకుతుంది. 2022లో వచ్చిన యూపీఐ 123పే ఇంటర్నెట్టు లేని ఫోన్లతోనూ డబ్బు పంపనిస్తుంది. అంటే తలచుకుంటే తలుపు పెట్టగలరు, చాలాచోట్ల తలచుకోవడం లేదు. రేపు పెద్దాయనకు టచ్ ఫోను కొనిచ్చినా సరే, ఆయన నొక్కేది ఒక్క మీటే, ఆ తర్వాత చేసేది మాట్లాడటమే. కొత్త ఫోనుకు నేను అప్పగించే పని ఒక్కటే: ఆ మాటను అవతల ఒక మనిషి వినేట్టు చూడు. లైటు సంగతి తర్వాత.