కట్టప్ప

కోసిగిలో గానీ, ఆదోని ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఏ పల్లెలో గానీ వేపచెట్టు కింద బండలు పరిచిన కట్ట ఉందంటే, దాని మీద ఒక కట్టప్ప ఉంటాడు. బాహుబలిని చంపిన కట్టప్ప కాదు. ఈయన చీమను కూడా చంపడు. చంపాలంటే లేవాలి కదా!

పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని వచ్చి కూర్చుంటాడు. డబ్బులు ఈరోజు పక్కాయన ఇస్తాడు, రేపు ఇంకొకాయన. తన వంతు వచ్చిన రోజు హోటలుకు సెలవు. పేపరు కొనడు గానీ, చదువురాని నలుగురికి అందులో ఉన్నవీ లేనివీ విడమరిచి చెప్తాడు. ఆ తర్వాత బండ మీద గీసిన పులిజూదం. చింతగింజలు పులులు, గులకరాళ్లు మేకలు. ఆడేది ఇద్దరు, ఎత్తులు చెప్పేది పదిమంది, రీఛార్జి సున్నా. గుంతకల్లు–రాయచూరు లైను కోసిగి మీదుగానే పోతుంది కాబట్టి, ఇక్కడ ఆగని రైళ్ల బాధ్యత కూడా ఆయనదే. “ఏమప్పా, ఈపొద్దు బొంబాయి బండి లేటైపాయ!” అని నొచ్చుకుంటాడు. ఆ బండి ఎక్కిందీ లేదు, ఎక్కేదీ లేదు.

ఇక ఆయన పోయే వేడుకలు: శ్రావణంలో ఉరుకుంద ఈరన్న ఉత్సవాలు, దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం, జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతర. వీటిలో దేనికీ టికెట్టు లేదు. జాతర పశువుల సంతలో ప్రతి ఎద్దుకూ పళ్లు చూసి బేరమాడి, ఒక్కటీ కొనకుండా తృప్తిగా ఇంటికొస్తాడు.

మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చి రిసార్టు ఫొటోలు చూపించాడు. రెండు రోజులకు పదివేలట. ఫొటోలో అల్లుడు చెట్టు కింద కూర్చొని ఉన్నాడు.

“చెట్టు కింద కూసోడానికి పదివేలా అల్లుడా? ఆ లెక్కన నేను ఎంత బాకీ పడింటినో!”

“ఆడ ప్రశాంతంగా ఉంటాది మామా.”

“అవునులే, ఆడికి మీ అత్త రాదు గదా.”

కీన్స్ అనే ఆంగ్లేయ ఆర్థికవేత్త, వందేళ్లలో మనిషి వారానికి 15 గంటలు పనిచేస్తే చాలునని, మిగిలిన పొద్దు ఎట్లా గడపాలన్నదే చిక్కవుతుందని 1930లో రాశాడు. గడువు ఇంకా ముగియలేదు. కట్టప్ప మాత్రం ముందే అందుకున్నాడు, ఆ 15 గంటలు కూడా మినహాయించుకొని.

ఆయన్ను ఉత్త సోమరి అనడానికి మాత్రం నాకు నోరు రాదు. వానలు మొహం చాటేసిన ఏడాది వీధులకు వీధులే సుగ్గికి, అంటే గుంటూరు మిరప కోతలకు, పోతాయి. పులిజూదానికి మేకలే కాదు, మనుషులూ ఉండరు. అప్పుడు ఆ ఇళ్ల తాళంచెవులన్నీ కట్టప్ప మొలతాడుకే. వదిలిపోయిన పిల్లలు బడికి పోయిందీ లేనిదీ చూసేది ఆయనే. తాళంచెవి పోయిందని ఎవరూ అనలేదు. కాపలాకు కూలి అడిగాడనీ ఎవరూ అనలేదు.

ఇంత ఖర్చులేని వైభోగంలో లెక్కకు రాని ఖర్చు ఒకటుంది: ఆయన భార్య. నీళ్ల బిందె ఆమెది, జొన్నరొట్టె ఆమెది, పత్తి చేను ఆమెది, గుంటూరు ప్రయాణమూ ఆమెదే. ఆమె కబుర్లన్నీ కొళాయి దగ్గర వరుసలోనో, చేనులో వంగినప్పుడో. కట్ట మీద ఆమె కూర్చోగా ఎవరూ చూడలేదు.

మీరు అటు వెళ్తే కట్టప్పను కాస్త జరగమని చెప్పండి. నేను చెప్తే, “బండ చిన్నదప్పా” అంటున్నాడు.