కార్డు పద్యం: టీకా, తాత్పర్యం

ఆటవెలది

కార్డు కొనెడి ముందు కాసులు లెక్కించు
పనిని జూచి పిదప పద్దు వ్రాయు
ఎఫ్పు తోక యున్న యింటెలు చిప్పులో
బొమ్మ రాదు, కార్డు పూన్చవలయు.

ప్రతిపదార్థం: కార్డు కొనెడి ముందు = విడి గ్రాఫిక్స్ కార్డుకు అడ్వాన్సు ఇవ్వకముందే; కాసులు లెక్కించు = చేతిలోని డబ్బు చూసుకో; పనిని జూచి = ఆ కంప్యూటరుతో ఇంట్లో జరిగే పనేమిటో విచారించి; పిదప = ఆ తరువాతనే; పద్దు వ్రాయు = అంగడిలో కొటేషన్ రాయించు; ఎఫ్పు తోక యున్న = పేరు చివర ‘ఎఫ్’ గల; ఇంటెలు చిప్పులో = ఇంటెల్ ప్రాసెసరులో; బొమ్మ రాదు = మానిటరు నల్లగానే ఉంటుంది; కార్డు పూన్చవలయు = మదర్‌బోర్డుకు కార్డు బిగించక తప్పదు.

అన్వయం: పద్యంలో కార్డు ముందు, కాసులు తరువాత, పని చివర వచ్చాయి. అన్వయించేటప్పుడు పని ముందుకు రావాలి. కవి ఛందస్సు కోసం చేసిన తారుమారును కోడుమూరులో కర్నూలు బస్సెక్కే కొనుగోలుదారులు ఏ ఛందస్సూ లేకుండానే పాటిస్తారు.

తాత్పర్యం: ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే ఇమిడి ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు. ర్యామ్‌లోనే వాటా పంచుకుంటుంది. విడి కార్డుకు సొంత మెమరీ, సొంత ఫ్యాను, సొంత కరెంటు ఖర్చు ఉంటాయి. డిగ్రీ పాఠాలు, ఉద్యోగ దరఖాస్తులు, తెలుగు టైపింగు, రాత్రికి ఒక సినిమా: ఇంతవరకే అయితే మొదటిది చాలు. పెళ్లి ఆల్బం పేర్చే స్టూడియోకు కూడా ముందు కావలసింది ర్యామే. పెళ్లి వీడియో ఎడిటింగు, పెద్ద ఆటలు, త్రీడీ బొమ్మలు అయితే కార్డు కొనవలసిందే.

పూర్వపక్షం: “లోపలి గ్రాఫిక్స్ దండగ” అని పెద్దన్నల మతం. అది వారి కాలానికి సత్యమే. అప్పట్లో ఇంటెల్ గ్రాఫిక్స్ మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. 2010లో ప్రాసెసరు ప్యాకేజీలోకి, 2011లో శాండీబ్రిడ్జ్‌తో అదే సిలికాన్ ముక్కలోకి చేరింది. ఆ మతం మాత్రం అక్కడే ఉండిపోయింది.

విశేషాలు: ‘ఎఫ్’ తోక 2019లో మొదలైంది. కోర్ ఐ5 12400లో గ్రాఫిక్స్ ఉంది, 12400ఎఫ్‌లో లేదు. ఏఎండీలో 5600జీకి ఉంది, 5600కు లేదు. 7000 వరుసలో చాలావాటికి చిన్నదైనా ఉంది. కొటేషన్‌లో ఒక్క అక్షరం జారితే కొత్త కంప్యూటరు ఇంటికొచ్చి ఊరక కూర్చుంటుంది.

“2 జీబీ కార్డు వేసి ఇస్తాం” అనే మాట దగ్గర వ్యాఖ్యాత కాసేపు ఆగాలి. డీడీఆర్3 మెమరీ ఉన్న జీటీ 710 సెకనుకు 14.4 జీబీ డేటా మాత్రమే కదిలించగలదు. 3200 వేగపు డీడీఆర్4 ర్యామ్ ఒకటి ఉంటే 25.6 జీబీ, జతగా రెండు వేస్తే 51.2 జీబీ కదులుతుంది. అంటే అలాంటి కార్డు డబ్బుతో రెండో ర్యామ్ కొనడమే తెలివి. 8 జీబీ ఒక్కటి కాక 4 జీబీ రెండు వేసినా వేగం దక్కుతుంది కానీ, రెండే స్లాట్లున్న బోర్డులో తరువాత పెంచుకోవడానికి చోటు మిగలదు. నాసిరకం కార్డు కన్నా కార్డు లేకపోవడం మేలని సిద్ధాంతం.

ఆర్టీఎక్స్ 4060 నిండు పనిలో 115 వాట్లు తీసుకుంటుంది. పాత సీలింగ్ ఫ్యాను ఒకటిన్నర తిరిగినంత. మదర్‌బోర్డు స్లాటు 75 వాట్లకు మించి ఇవ్వదు కనుక పవర్ సప్లయ్ నుంచి వేరే తీగ కావాలి. 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే మోస్తాయి. ఆట మధ్యలో కరెంటు పోతే సేవ్ చేసుకునే వ్యవధి కార్డు ఉంటే తగ్గుతుంది. మే నెల ఎండలో, హంద్రీ నది ఒడ్డు దుమ్ములో, కార్డు ఫ్యాన్లను తరచు తుడవాలి.

కవి చెప్పని షరతు ఒకటుంది. కార్డు బిగించాక మానిటరు తీగను కార్డుకే పెట్టాలి. మదర్‌బోర్డుకు పెడితే, ఎఫ్పు తోక ఉన్నచోట బొమ్మ రాదు. లేనిచోట బొమ్మ వచ్చినా అది లోపలి గ్రాఫిక్స్‌దే, పక్కనున్న ఖరీదైన కార్డుకు పనే ఉండదు.