తప్పుగా చదివించండి

ఈ సలహాలు చూస్తే చాలామంది తెలుగు ఉపాధ్యాయులకు ఒళ్లు మండుతుంది. అర్థం చెప్పకముందే చదివించమంటున్నాను. విరామచిహ్నాలు చెరిపేయమంటున్నాను. పిల్లలచేత పనిగట్టుకుని తప్పుగా చదివించమంటున్నాను. వీటిలో ఏ ఒక్కటి తనిఖీకి వచ్చినవాళ్ల కంటపడినా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. ఇచ్చుకోండి. తొమ్మిదో తరగతి పిల్ల స్నేహితురాలు పంపిన ‘సరే’కీ ‘సరేలే’కీ తేడా చూడగానే పట్టేస్తుంది, ‘ఏంటే, అలిగావా?’ అని వెంటనే అడుగుతుంది. అదే పిల్ల పాఠంలో ఎత్తిపొడుపు ఎదురైతే దాన్ని పొగడ్త అనుకుని జవాబు రాస్తుంది. ఇంట్లో అంత చురుగ్గా పనిచేసే చెవి బడిలో మూసుకుపోతోందంటే ఆ లోపం మనం పాఠం చెప్పే పద్ధతిదే.

మొదట ‘భావయుక్తంగా చదువు’ అనడం మానండి. ఆ మాట చెవిన పడగానే పిల్లలు నిటారుగా నిలబడి, గొంతు పెంచి, ప్రతి వాక్యం చివరా సాగదీస్తారు. ఏడుపైనా వెక్కిరింపైనా అదే సాగతీత. భావాన్ని విడిగా తెచ్చి మాట మీద చల్లమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? దాని బదులు మూడు సంగతులు అడగండి. ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? పక్కన ఇంకెవరైనా వింటున్నారా? పైకి అనకుండా లోపల దాచుకున్నదేమిటి? మూడోదానికి జవాబు దొరికిన పిల్ల గొంతు ఎవరూ చెప్పకుండానే మారుతుంది. దొరకని పిల్లని చప్పగానే చదవనివ్వండి. దొంగ నటన కన్నా చప్పటి చదువు వెయ్యి రెట్లు నయం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సలహా, తప్పుగా చదివించడం. దీనికి గురజాడ ‘దిద్దుబాటు’ని మించిన పాఠం నాకు తెలిసి లేదు. 1910లో ‘ఆంధ్ర భారతి’లో అచ్చయిన ఈ కథ ఇప్పటికీ తరగతి గదిలో కొత్తగా పనిచేస్తుంది. సానుల పాటకు మరిగి అర్ధరాత్రి ఇంటికొచ్చిన గోపాలరావుకి గదిలో భార్య కమలిని కనిపించదు. ఉత్తరం ఒకటి కనిపిస్తుంది. ‘అయ్యా’ అని మొదలవుతుంది. ప్రియుడు కాస్తా అయ్య అయిపోయాడేమిటని అతను అక్కడే అదిరిపడతాడు. మీటింగులనీ లోకహితమనీ చెప్పి మీరు రాత్రుళ్లు బయట తిరుగుతున్నారు, నేను ఇంట్లో ఉండబట్టే కదా మీకు అబద్ధాలాడాల్సి వచ్చింది, పుట్టింటికి వెళ్లిపోతే మీకా బాధ ఉండదు అన్న ధోరణిలో సాగుతుంది ఆ ఉత్తరం.

ఇక్కడ పుస్తకం మూయించండి. ముగింపు చెప్పకండి. ఉత్తరాన్ని ఐదుగురికిచ్చి ఐదు రకాలుగా చదివించండి: ఒకరు ఏడుస్తూ, ఒకరు పళ్లు కొరుకుతూ, ఒకరు ఆఫీసు కాగితం చదివినట్టు, ఒకరు నవ్వాపుకుంటూ, ఒకరు ఏ రంగూ లేకుండా. ఏడుస్తూ చదివినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది. నవ్వాపుకుంటూ చదివిన పిల్లని ‘ఇదేం చదవడం, మొగుణ్ణి వదిలి వెళ్లిపోతుంటే!’ అని మిగతావాళ్లు తప్పుపడతారు. పట్టనివ్వండి. ఆ తర్వాతే ముగింపు చదవండి. కమలిని ఎక్కడికీ వెళ్లలేదు, ఆ గదిలోనే మంచం కింద ఉంది, గోపాలరావు పశ్చాత్తాపమంతా విని నవ్వుతుంది. అంతదాకా తప్పనుకున్న చదువే రాసినావిడ గొంతుకి దగ్గరగా ఉందని తరగతికి అప్పుడు తెలుస్తుంది.

ఇంతటితో వదలకండి. మరి ఏడుస్తూ చదివినవాడిది తప్పా అని అడగండి. కాదు, గోపాలరావు చెవికి ఆ ఉత్తరం అలాగే వినిపించింది. కోపంగా చదివినవాడిదా? అదీ కాదు, రోజుల తరబడి మోసపోయిన మనిషికి కోపం లేకుండా ఉంటుందా. ఆఫీసు కాగితంలా చదివినవాడు ‘అయ్యా’లోని దూరాన్ని అందరికన్నా బాగా పట్టుకున్నాడు. రాసినవాళ్లు ఒక గొంతుతో రాస్తారు, అందుకున్నవాళ్లకి వేరొకటి వినిపిస్తుంది, అన్నీ తెలిసిన పాఠకుడు రెండిటినీ కలిపి వింటాడు. ఈ మూడు చెవులనీ వేరువేరుగా గుర్తుపట్టడం అలవాటైతే ఆ పిల్లలకి ఏ కథైనా లొంగుతుంది. ‘ఈ ఉత్తరంలోని భావం ఏది: కోపమా, బాధా, హాస్యమా?’ అని ఒకే జవాబుకి మార్కు పెట్టే ప్రశ్న ఇచ్చారో, ఈ పనంతా బూడిదలో పోసినట్టే.

మర్యాద ఎక్కువైతే కోపమని పిల్లలకి మనం నేర్పక్కర్లేదు. రోజూ ‘ఒరేయ్’ అనే అమ్మ ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి ‘వచ్చారా తమరు?’ అంటే ఏమవుతుందో వాళ్లకి బాగా తెలుసు. కమలిని ‘అయ్యా’ దగ్గర ఈ సంగతి గుర్తు చేస్తే చాలు.

పద్యాన్ని వెంటనే పాడనివ్వకండి. ఈ మాట అంటున్నందుకు బాధగానే ఉంది, ఎందుకంటే రాగం వల్లే మన పద్యాలు నోటికి నిలిచాయి. కానీ పోతన గజేంద్రమోక్షం పద్యాలన్నిటినీ ఒకే రాగంలో, ఒకే భక్తితో పాడించేస్తే ఆ ఏనుగు పడ్డ యాతన ఎటుపోయింది? సృష్టి, స్థితి, లయలకు మూలమైనవాణ్ణి స్థిరంగా తలుచుకునే పద్యం ఒకటి. దీనులపాలిట ఉంటాడన్న దేవుడు అసలున్నాడా లేడా అని అనుమానించే పద్యం ఇంకొకటి. ఒంట్లో ఓపిక మొత్తం అయిపోయి, ఇక నువ్వు తప్ప దిక్కులేదని చేతులెత్తేసే పద్యం వేరొకటి. మూడూ ఒకే నోటి నుంచి వచ్చినా మూడు మనఃస్థితులు. అనుమానాన్ని కూడా స్తోత్రంలా పాడితే ఆ తర్వాతి శరణాగతికి బరువుండదు. మొదట మాట్లాడినట్టు చదివించండి, ఊపిరి ఎక్కడ తెగుతోందో చూడమనండి. రాగం తర్వాత రావచ్చు, అప్పుడది ఆ పిల్ల ఎంచుకున్న రాగమవుతుంది.

ఇదేదో కొత్త గొడవ అనుకోనక్కర్లేదు. భరతుడి నాట్యశాస్త్రం సంభాషణ పలకడానికి మూడు స్థానాలు చెప్పింది. దూరంగా ఉన్నవాళ్లని శిరస్సు నుంచి, కాస్త ఎడంగా ఉన్నవాళ్లని కంఠం నుంచి, పక్కనున్నవాళ్లని ఉరస్సు నుంచి పలకరించాలట. ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అని ఆరు తీరులు కూడా చెప్పింది. గొంతు మార్చి అర్థం మార్చడాన్ని మన ఆలంకారికులు కాకువు అన్నారు. రుద్రటుడు దాన్ని వక్రోక్తి అనే అలంకారంలో చేర్చాడు. రాజశేఖరుడు ఒప్పుకోలేదు. అది చదివే తీరుకి సంబంధించిన ధర్మం, అలంకారమెలా అవుతుందని కావ్యమీమాంసలో వాదించాడు. ఈ తగాదాలో నేను రాజశేఖరుడి పక్షం. అలంకారాల పట్టికలో పేరు, లక్షణం, ఉదాహరణ బట్టీపట్టిన పిల్లకి కాకువు చెవిన పడదు, నోరు విప్పి పలికితేనే పడుతుంది.

విరామచిహ్నాలు చెరిపేసి ఒక పేజీ ఇవ్వండి. తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు, అయినా చదివేవాళ్లు చదివారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అడగాలో పిల్లలే తేల్చుకోవాలి. అప్పుడు వాళ్ల కళ్లు ఆశ్చర్యార్థకాన్ని వదిలి మాటల చివరలకి వెళ్తాయి. తెలుగులో గొంతంతా అక్కడే ఉంది. బాగుంది, బాగానే ఉంది, బాగుందిలే, బాగుందట, బాగుందిగా. కొత్త చీర గురించి ఈ ఐదూ అనిపించి, ఏది విన్నాక ఆ చీర మళ్లీ కట్టుకోబుద్ధి కాదో అడగండి. జవాబు చెప్పడానికి వ్యాకరణం పుస్తకం ఎవరికీ అవసరం రాదు.

సంభాషణలు చదివేటప్పుడు యాసని దిద్దకండి. శ్రీకాకుళం పిల్లయినా పాలమూరు పిల్లాడైనా అలగడం, బతిమాలడం, దెప్పడం నేర్చుకున్నది ఇంటి మాటలో. యాస తీసేసి చదవమంటే దానితోపాటు దెప్పే శక్తి కూడా పోతుంది. ఉచ్చారణ దిద్దాలంటే వేరే గంట ఉంది.

వినడానికి ఒక ఆట. ఒకరు ఫోనులో మాట్లాడుతున్నట్టు నిలబడాలి, అవతలి మాట ఎవరికీ వినిపించదు. ఇవతల ‘ఊఁ’, ‘ఆఁ’, ‘అవునా’, ‘సరే’ తప్ప ఏమీ అనకూడదు. అవతల ఉన్నది మేనత్తా, అప్పిచ్చినవాడా, చావు కబురు చెబుతున్న చుట్టమా అని తరగతి పట్టుకోవాలి. గోల అవుతుంది, పక్క తరగతివాళ్లు తలుపు తడతారు. ఫోనులో రికార్డు చేసి వినిపించండి. తన గొంతు తనకే పరాయిదిలా అనిపించి పిల్లలు చెవులు మూసుకుంటారు. మాట్లాడేటప్పుడు మన గొంతు పుర్రె ఎముకల ద్వారా కూడా మనకి వినిపించి కాస్త బొంగురుగా, నిండుగా ఉంటుందని, బయటివాళ్లకి ఆ భాగం అందదని చెప్పండి. నేను మెత్తగానే అన్నాను కదా అని వాదించేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

రాతలో రెండు నిషేధాలు పెట్టండి. ఆశ్చర్యార్థకం వద్దు. ‘కోపంగా అన్నాడు’, ‘బాధగా చూసింది’ వద్దు. ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడికి నిజంగానే కోపంగా ఉత్తరం రాయనివ్వండి. కుళాయిలో నీళ్లు రావడం లేదనో, మరుగుదొడ్డికి గడియ లేదనో, ఉన్నదున్నట్టు, తిట్టాలనిపిస్తే తిడుతూ. మర్నాడు దాన్నే తిరగరాయించండి, ఈసారి గడియ బిగించే తీరాలనిపించేలా. మర్యాద మాటలు పెరగాలని చెప్పకండి. ఏ వాక్యం చదివి ఆయన సిగ్గుపడతాడో, ఏ వాక్యం చదివి మొండికేస్తాడో వాళ్లే తేల్చుకోవాలి. సెలవు చీటీలు కూడా ఇలాగే: నిజంగా జ్వరం వచ్చినవాడిది, సినిమాకి వెళ్లబోయేవాడిది, క్లాసులో అవమానపడి రానివాడిది. మూడిట్లోనూ చివర ‘ప్రార్థన’ ఉండాల్సిందే. అబద్ధం చీటీలో కారణాలు ఎక్కువైపోతాయి, అవమానపడినవాడి చీటీ రెండు వాక్యాలకే ఆగిపోతుంది.

పైన చెప్పినవేవీ కొందరు పిల్లలకి పనిచేయవు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి గొంతు మారినంత మాత్రాన అర్థం మారిందని తోచదు. కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలు ఇప్పుడు మామూలు బడుల్లో చదువుతున్నారు. ఆ పరికరం మాటల్ని బాగానే అందిస్తుంది కానీ శ్రుతి హెచ్చుతగ్గుల్ని అంతగా అందించలేదు. వీళ్లని ‘కనిపెట్టు చూద్దాం’ అని నిలబెట్టడం క్రూరత్వం. వాళ్లకి నేరుగా చెప్పేయండి: కమలిని పైకి మర్యాదగా రాస్తోంది, లోపల కోపంగా ఉంది, ‘అయ్యా’ అన్న పిలుపు వల్ల ఆ సంగతి తెలుస్తోంది. కాగితం మీద ఆధారం చూపిస్తే వాళ్లూ జాగ్రత్తగా చదవగలరు. ఫోను ఆటలో వాళ్లని వినేవాళ్లలో కూర్చోబెట్టకండి. అవతలి మనిషి ఏమంటున్నాడో రాసే పని వాళ్లకివ్వండి, ఆ రాత చూసే ఇవతలివాళ్లు ‘ఊఁ’ కొట్టాలి.